రెండో నంబరు మోటారు మీద ఎర్ర పొడి

మా వీధిలో ఈ మధ్య ఇంజనీరింగు చదివినవాళ్ళు నలుగురైదుగురు తయారయ్యారు. సాయంత్రం నేను అరుగు మీద కూర్చుంటే చుట్టూ చేరి, "అంకుల్, మీ సర్వీసులో పెద్ద బ్రేక్‌డౌన్ ఏదైనా చెప్పండి" అంటారు. వాళ్ళకి కావలసింది పేలుళ్ళు, మంటలు. నా దగ్గర అలాంటి సరుకు లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన ఘనకార్యం ఒక మోటారును కదలనివ్వకుండా పాడుచేయడం. నవ్వకండి. నడిపి పాడుచేసేవాళ్ళు ఊరంతా ఉన్నారు. నడపకుండా పాడుచేసినవాడు మీకు మళ్ళీ దొరకడు.

ఆ మోటారు సంగతి చెప్పాలంటే ముందు బాబాయి సంగతి చెప్పాలి. సొంత బాబాయి కాదు. నేను పనిచేసిన కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ ఆపరేటరు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. మొదటిరోజు నేను "ఏవండీ" అని పిలిస్తే అటూ ఇటూ చూసి, "ఎవర్నయ్యా పిలిచింది? బాబాయ్ అను, పలుకుతా" అన్నాడు. అప్పట్నుంచి బాబాయే. ఆయన్ని తలుచుకోకుండా ఇప్పటికీ నాకు ఒక్క పొద్దు గడవదు. తెల్లవారుజామున మెలకువ రాగానే నా చెవి ఆ ఇంజన్ రూము మోత కోసం వెతుకుతుంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అప్పుడు గుర్తొస్తుంది, నేను రిటైరయ్యానని, ఆ గది ఎప్పుడో వేరేవాళ్ళదైపోయిందని.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద కోల్డ్ స్టోరేజీలు వరసగా కనిపిస్తాయి. కల్లాల్లో ఎండిన మిరపకాయని టిక్కీలకెత్తి, అంటే గోతాల్లో తొక్కి, ఆ చల్లటి గదుల్లో పేరుస్తారు. లోపల చలి తగ్గకుండా చూడటమే మా పని. ఎండాకాలం చలి తగ్గిందంటే కాయ రంగు మారుతుంది, పురుగు పడుతుంది. ఏడాది పొడుగునా రైతు పడ్డ కష్టం మా కంప్రెసర్ మీద ఆధారపడి ఉంటుంది. నేను చీరాల నుంచి వచ్చినవాణ్ణి. నాన్న మగ్గం నేసేవాడు. నేను పాలిటెక్నిక్ చదివి, ముందు ఒక స్పిన్నింగు మిల్లులో చేసి, ఇక్కడ మెయింటెనెన్సు ఇన్‌చార్జిగా చేరాను. చేరేటప్పటికి నాకు తెలియనిది లేదనే అనుకున్నాను.

ఇంజన్ రూములో రెండు కంప్రెసర్లు ఉండేవి. ఒకటో నంబరు ఎప్పుడూ నడిచేది. అది ఆగితే వెంటనే ఎక్కించడానికి రెండో నంబరు పక్కనే కాచుకుని ఉండేది. ఒక్కో కంప్రెసరుకి ఒక్కో పెద్ద మోటారు, మధ్యలో బెల్టులు. అన్నీ ఒకే సిమెంటు దిమ్మె మీద బిగించి ఉండేవి. ఒకటో నంబరు నడుస్తుంటే, ఆగి ఉన్న రెండో నంబరు మోటారు మీద పెట్టిన గ్లాసులో టీ సన్నగా వణికేది. ఆ వణుకు రోజూ చూసేవాణ్ణి. టీ చల్లారకముందే తాగేసేవాణ్ణి తప్ప దాని గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు.

బాబాయికి ఒక అలవాటు ఉండేది. డ్యూటీ ఎక్కగానే చొక్కా విప్పి మేకుకి తగిలించి, నడుస్తున్న ఒకటో నంబరు దగ్గరికి కాక ముందు రెండో నంబరు దగ్గరికి వెళ్ళేవాడు. బెల్టు పట్టుకుని పుల్లీని చేత్తో ఓ పావు చుట్టు తిప్పేవాడు. తిప్పి, సుద్దముక్కతో ఓ గీత గీసేవాడు. మర్నాడు ఆ గీత దాటి ఇంకో పావు చుట్టు. పండగైనా, జ్వరమొచ్చినా ఇది తప్పేది కాదు.

నేను ఓ రోజు అడిగాను. "ఎందుకు బాబాయ్ రోజూ దాన్ని కదిలిస్తావు? హాయిగా పడుకోనివ్వు."

"మా అమ్మ పక్షవాతమొచ్చి మూడేళ్ళు మంచంలో ఉందయ్యా. పూటకోసారి పక్క మార్చేవాళ్ళం. లేకపోతే ఒళ్ళంతా పుండ్లు పడతయ్యి. ఇది మాత్రం? బెల్టు ఒక పక్కకి లాగతా ఉంటది. పక్కనోడు పొద్దస్తమానం కుదపతా ఉంటాడు. పక్క మార్చొద్దూ?"

"ఇనుముకి పుండ్లేంటి బాబాయ్?"

"నాకేం తెలుసు? చదువుకున్నోడివి, నువ్వే చెప్పాల."

నేను పగలబడి నవ్వాను. మధ్యాహ్నం క్యాంటీన్లో అందరికీ చెప్పి వాళ్ళనీ నవ్వించాను. బాబాయి కూడా నవ్వాడు. ఆయన మీద ఎవరు నవ్వినా ఆయనే ముందు నవ్వేవాడు. ఒకప్పుడు బాగా తాగేవాడట, ఆ విషయమూ నవ్వుతూనే చెప్పేవాడు. కూతురు పుట్టిన రోజున మానేశాడు. "బిడ్డనెత్తుకోబోతే మీ పిన్ని వద్దంది. నోరు వాసనొస్తంది, దానికి పడదు అంది. పోయి స్నానం చేసొచ్చా. మళ్ళా ముట్టలా." ఇంజన్ రూములో ఆయన చేతిలో టీ గ్లాసు తప్ప ఇంకోటి నేను చూడలేదు. చూసినవాడెవడూ లేడు.

ఇక నా తెలివితేటలు వినండి. ఆ ఏడాది ఒకటో నంబరుకి ఓవర్‌హాలు చేయించాం. అది చక్కగా నడుస్తోంది. రెండో నంబరు అవసరం రాదని నాకు నమ్మకం. అవసరమొస్తే ఒక్క స్విచ్చుతో లేవాలని దాని బెల్టులు గట్టిగా బిగించి పెట్టాను. ఇంతలో తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన బెల్టుల చుట్టూ జాలీ లేదేమని అడిగాడు. న్యాయమైన మాటే. జాలీ చేయించాను. అక్కడితో ఆగితే బాగుండేది. బాబాయి జాలీ తలుపు తీసి మళ్ళీ పుల్లీ తిప్పుతుంటే నాకు ఒళ్ళు మండింది. నా మాటకి విలువ లేదనిపించింది. జాలీకి తాళం వేసి, 'రెండో నంబరును ఎవరూ ముట్టుకోరాదు' అని బోర్డు రాయించి తగిలించాను. తాళంచెవి నా జేబులో.

మర్నాడు బాబాయి చొక్కా మేకుకి తగిలించి, అలవాటుగా అటు నడిచి, బోర్డు ముందు ఆగాడు. కూడబలుక్కుని చదివాడు.

"ఎవరూ అంటే నేను కూడానా?"

"అందరూ బాబాయ్. వేలు ఇరుక్కుంటే ఎవరిది బాధ్యత?"

"ఇన్నేళ్ళలో ఇరుక్కోలా."

"ఇరుక్కున్నాక చెప్తే లాభమేంటి?"

ఆయన చేతులు రెండూ ఏం చేయాలో తెలియనట్టు లుంగీకి తుడుచుకున్నాడు. ఆ క్షణాన ఆయన మొహం చూసి కూడా నేను గెలిచాననే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

గ్రీజు మాత్రం పెట్టేవాడు. గ్రీజు గన్ను పెట్టే చోటు జాలీ బయటికే ఉంది. నెలనెలా నా ఎదురుగానే పెట్టేవాడు. అలా రెండు నెలలు గడిచాక ఓసారి నన్ను పిలిచాడు. బేరింగు మూత అంచున, షాఫ్టు బయటికొచ్చే చోట, గ్రీజుతో పాటు ఎర్రటి పొడి పేరుకుని ఉంది. గుడ్డతో తుడిచి నాకు చూపించాడు.

"ఇదేందయ్యా, ఎర్రగా వస్తంది?"

"కారం బాబాయ్."

"కారమేనంటావా?"

"ఈ గోడలు ఎరుపు, ఈ నేల ఎరుపు, నీ చొక్కా ఎరుపు. ఎర్రగా లేనిదేదో చెప్పు ఇక్కడ."

నిజంగానే అలా ఉండేది. టిక్కీలు దించేటప్పుడు లేచే దుమ్ము తలుపుల సందుల్లోంచి వచ్చి అన్నిటిమీదా పడేది. కొత్తవాళ్ళు తుమ్మి తుమ్మి ఏడ్చేవాళ్ళు. మా ముక్కులు ఎప్పుడో చచ్చిపోయాయి. ఇంకే ఊళ్ళోనైనా షాఫ్టు దగ్గర ఎర్ర పొడి కనిపిస్తే, ఉక్కు అరిగి తుప్పవుతోందని ఫిట్టరన్నవాడికి అనుమానమైనా వస్తుంది. మాకు మాత్రం కారమే గుర్తొచ్చింది. బాబాయి ఆ గుడ్డ ఓసారి వాసన చూశాడు, తెలియలేదన్నట్టు తలాడించి పక్కన పడేశాడు. తర్వాత వచ్చినప్పుడల్లా తుడిచేశాడు. నేనూ తుడిచేశాను.

రోహిణి కార్తె వచ్చింది. ఆ ఎండల్లో ఓ రోజు పొద్దున పదింటికి ఒకటో నంబరులో ఆయిలు ప్రెషరు పడిపోయింది. ఆపేశాం. గదులన్నీ కాయతో నిండి ఉన్నాయి. నేను దర్జాగా వెళ్ళి రెండో నంబరు స్విచ్చు నొక్కాను. మోటారు లేచింది. లేచిన మరుక్షణం గరగరమని మోత. రాళ్ళు నమిలినట్టు.

బాబాయి చెయ్యి మోటారు మీద పెట్టి వెంటనే తీసేశాడు. "ఇది ఏడుస్తందయ్యా. ఆపు."

"ఆపితే కాయ ఏమవుతుంది బాబాయ్?"

"ఓ పూట తలుపులు తీయకపోతే ఏం కాదు. ఇప్పుడే ఆపితే బేరింగు మార్చుకుంటే చాలు. నడిపావంటే షాఫ్టు మీదకొస్తది."

"చాలా రోజులు ఆగి ఉంది కదా, కాసేపటికి సర్దుకుంటుందిలే."

"సర్దుకునే మోత కాదిది."

ఆపలేదు. నాకు తెలుసన్నది ఒకటి ఉంది కదా. పన్నెండు కాకముందే కాలిన గ్రీజు వాసన, పొగ. బేరింగు బిగుసుకుపోయి, బెల్టులు పుల్లీ మీద జారి మాడిపోయాయి. ఇప్పుడు రెండూ ఆగిపోయాయి. ఆ గదిలో మోత లేకుండా నేనెప్పుడూ నిలబడలేదు. బయట పిచ్చుకలు అరుస్తుంటే వినిపించింది. 

కబురు ఎలా పాకుతుందో, అరగంటలో గేటు దగ్గర రైతులు పోగయ్యారు. వాళ్ళలో బాబాయి ఊరివాళ్ళూ ఉన్నారు. ఆ ఊరు పెదనందిపాడు వైపు, ఆ ఊరి కాయంతా మా దగ్గరే ఉండేది. గుంటూరుకి మనిషిని పంపి కొత్త బేరింగు, బెల్టులు తెప్పిస్తున్నాం. ఈలోగా మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచారు. ఫోను చెవి దగ్గరే ఉంది, అవతల ఓనరు.

"కారణం ఏంటయ్యా?"

"తెలియదండి. విప్పి చూడాలి."

"విప్పి చూసేదాకా వాళ్ళు ఆగుతారా? అసలు బేరింగు ఎందుకు పట్టేస్తుంది? గ్రీజు లేకపోతేనే కదా?"

"సాధారణంగా అంతేనండి."

"సాధారణంగా అంతేగా? అదే రాసి సంతకం పెట్టు."

సాధారణంగా అన్న మాట అంత ప్రమాదకరమైందని నాకప్పుడు తెలియదు. నాలుగు లైన్లు రాశాను. 'సకాలంలో గ్రీజు పెట్టకపోవడం వల్ల' అన్నది రెండో లైను. రాస్తుండగా బాబాయి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"గ్రీజు పెట్టాగదయ్యా. నువ్వు పక్కనే ఉన్నావుగా."

నేను తలెత్తలేదు. "తర్వాత చూద్దాంలే బాబాయ్" అని సంతకం చేశాను. గ్రీజు పెట్టాడని తెలుసు. కానీ గ్రీజు కాకపోతే ఇంకేమిటి? ఇంకేమిటని ఆలోచిస్తే చివరికి ఆ తాళం దగ్గరికి వస్తానేమోనన్న భయం లోపలెక్కడో ఉంది. అందుకే ఆలోచించలేదు. ఇది మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

మేనేజరు గారు ఆ కాగితం పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. ఆయన కాగితంలో లేనిది కూడా కలిపారు. "ఏం చేయమంటారయ్యా, ఆపరేటరు తాగి పడుకున్నాడు. గ్రీజు పెట్టలేదు. ఇదిగో ఇంజనీరు సంతకం. వాణ్ణి ఇప్పుడే పంపించేశాం. సాయంత్రానికి మిషను లేస్తుంది, మీ కాయకి నాది పూచీ." ఆ మాటతో జనం చల్లబడ్డారు. ఒకళ్ళిద్దరు నా వైపు చూశారు, నిజమేనా అన్నట్టు. నేను చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ నిలబడ్డాను.

బాబాయి వాళ్ళందరి మధ్యలోంచే బయటికి నడిచాడు. చొక్కా భుజాన వేసుకున్నాడు, తొడుక్కోలేదు. రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాడు. నాకు కనిపిస్తూనే ఉన్నాడు. బస్సు రావడానికి చాలాసేపు పట్టింది.

నాలుగున్నరకి షాఫ్టు సాపు చేసి, కొత్త బేరింగు, బెల్టులు ఎక్కించి రెండో నంబరును లేపాం. ఒక్క కాయ కూడా పాడవలేదు. అందరూ ఇళ్ళకి వెళ్ళారు. నేను పాత బేరింగును బల్ల మీద పెట్టుకుని కోసి విప్పాను. లోపల గ్రీజు కావలసినంత ఉంది. కానీ తెల్లగా ఉండాల్సింది ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉంది. చెమట కళ్ళలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకోబోయి వేళ్ళతోనే రుద్దేశాను. రుద్దాక తెలిసింది, చేతినిండా ఆ ఎర్ర పొడే. చచ్చాన్రా బాబూ అనుకుని, కళ్ళు మూసుకుని పంపు దగ్గరికి పరిగెత్తాను. ఈ మిరప నేల మీద పుట్టినవాళ్ళకి ఆ మంట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

పంపు దగ్గరికి వెళ్ళి ఆగాను. మంట లేదు. జిడ్డు తప్ప ఏమీ లేదు. కళ్ళు తెరిచి నా వేళ్ళు చూసుకున్నాను. అది కారం కాదు.

వెనక్కి వచ్చి కిరసనాయిల్‌తో బేరింగు రింగును కడిగాను. మీరు చదువుకున్నవాళ్ళు, ఇది జాగ్రత్తగా వినండి. రింగు మీద సమానమైన ఎడంలో అడ్డంగా గుంటలు, గవ్వలు చేసే చెక్క మీద గీతల్లా. రింగుల మధ్య దొర్లే ఉక్కు రోలర్లు ఎక్కడెక్కడ ఆని నిలబడ్డాయో సరిగ్గా అక్కడే. బెల్టు లాగే వైపు లోతుగా, రెండో వైపు అసలు లేవు. తిరిగే బేరింగులో రోలరు దొర్లుతూ గ్రీజును తనే కిందికి లాక్కుంటుంది. కదలని బేరింగులో రోలరు దొర్లదు, పక్క మిషను కుదుపుకి ఉన్నచోటే వెంట్రుకవాసి అటూ ఇటూ రాసుకుంటుంది. రాత్రింబవళ్ళు, ఆగకుండా. మధ్యనున్న గ్రీజు పక్కకి పోతుంది, తిరిగి రాదు. ఉక్కును ఉక్కు రాసుకుంటుంది. రాలిన పొడి ఎర్రగా తుప్పుపట్టి, ఉప్పుకాయితంలాగా ఇంకాస్త గీరుతుంది. గ్రీజు నిండుగా ఉంది, కావలసిన చోట మాత్రం లేదు. రోజుకో పావు చుట్టు తిప్పి ఉంటే ప్రతిరోజూ కొత్త చోటికి కొత్త గ్రీజు చేరేది.

ఇనుముకి పుండ్లు పడ్డాయి. పక్క మార్చేవాణ్ణి నేనే ఆపేశాను.

గేటు దగ్గరికి పరిగెత్తాను. బస్సు వెళ్ళి ఎంతసేపయిందో! ఆ సాయంత్రమే ఇంకో బస్సెక్కి ఆ ఊరు వెళ్ళి ఉంటే ఎంత బాగుండేది. వెళ్ళలేదు. రేపు వెళ్దాం అనుకున్నాను. రేపు ఎల్లుండి అయింది. పది రోజుల తర్వాత రింగు తీసుకుని మేనేజరు గారి దగ్గరికి మాత్రం వెళ్ళాను. ఆయన అంతా విని, "అయితే తప్పు నీదన్నమాట" అన్నారు. "అవునండి" అన్నాను. "సంతకమూ నీదే కదా? వెళ్ళి పని చూసుకో. కొత్తాయన వచ్చేశాడు, ఇప్పుడీ పంచాయితీ ఎందుకు?" అన్నారు. వెళ్ళి పని చూసుకున్నాను.

జాలీ తాళం తీసేశాను. బెల్టులు వదులు చేశాను. రోజూ పొద్దున్నే ఎవరూ లేనప్పుడు పుల్లీని పావు చుట్టు తిప్పేవాణ్ణి. కొత్త ఆపరేటరు మంచివాడే, పనిమంతుడే. కానీ ఆయన టీ తెస్తే నాకు గొంతు దిగేది కాదు. బాబాయి మోటారు మీద చెయ్యి పెట్టి, "ఇయ్యాల కులాసాగా ఉందయ్యా" అంటుంటే వినాలనిపించేది. తిట్టినా సరే, ఆ గొంతు వినాలనిపించేది. చొక్కా తగిలించే మేకు ఖాళీగా ఉంటే అటు చూడలేక నా చొక్కాయే తగిలించేవాణ్ణి. ఏడాది తిరగకుండా ఆ ఉద్యోగం వదిలేసి దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేరాను. మోతలు మారాయి గానీ బెంగ మారలేదు.

అక్కడ కొత్తగా చేరినవాళ్ళకి నా చేత క్లాసులు చెప్పించేవాళ్ళు. ఓ రోజు ఆ రింగు చూపించి, ఆగి ఉన్న మిషన్ల సంగతి చెప్పాను. 'ఒకచోట ఒక ఇంజనీరు, ఒక ఆపరేటరు' అని కథలాగా చెప్పాను. ఒకమ్మాయి లేచింది. "ఆ ఆపరేటరు గారికి ఈ విషయం ఎవరైనా చెప్పారా సార్?" అంది.

"టీ టైమైంది, మిగతాది రేపు" అన్నాను.

ఆ ఆదివారం రింగును గుడ్డలో చుట్టుకుని, ఒక కాగితం రాసుకుని బాబాయి ఊరు వెళ్ళాను. అప్పటికి రెండేళ్ళు దాటింది.

బాబాయి ఇంటి పక్క పాకలో గేదెకి కుడితి పెడుతున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి కాసేపు గుర్తుపట్టనట్టే చూశాడు. తర్వాత, "రా అయ్యా. ఎండనపడి వచ్చావు" అని ఆయనే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నేను గుడ్డ విప్పి రింగు చేతిలో పెట్టాను. బాబాయి బొటనవేలి గోరు దాని మీద నడిపించాడు. టిక్కు, టిక్కు, టిక్కు.

"పుండ్లు పడ్డయ్యే" అన్నాడు.

"పడ్డాయి బాబాయ్."

"తిప్పతా ఉంటే పడేయి కాదు."

"పడేవి కాదు. ఎర్రగా వచ్చింది కారం కాదు. ఇదే."

"నాకప్పుడే డౌటు. ముక్కు పనిచెయ్యలా." రింగు నాకు తిరిగిచ్చేశాడు. నేను ఏడ్చేశాను. తప్పయిపోయింది బాబాయ్ అన్నాను. మా ఫ్యాక్టరీకి రమ్మన్నాను, ఇద్దరం మళ్ళీ ఒకచోట పనిచేద్దాం, నేను మాట్లాడతానన్నాను. అది ఆయన కోసం కాదు, నా కోసమే అడిగాను.

"రానులే అయ్యా" అన్నాడు మెల్లగా. "మిషను కాడ నిలబడాలంటే మనసు కుదురుండాల. నాకది పోయింది."

నేను కాగితం ఇవ్వబోయాను. బాబాయి తీసుకోలేదు.

"నాకెందుకిది? గ్రీజు పెట్టానని నాకు తెలుసుగా. ఉద్యోగం పోయిందని కాదయ్యా నా బాధ. నేను తాగి పడుకున్నానన్నారు. మా ఊరోళ్ళంతా విన్నారు. నువ్వు పక్కనే ఉన్నావు." గేదె తొట్టి ఖాళీ చేసేదాకా ఆగి, "సాయంత్రం పాలకేంద్రం కాడికి రా. అక్కడ చదువు" అన్నాడు.

అయిదున్నరకి పాలకేంద్రం దగ్గర ఊరి సగం ఉంది. క్యాన్లతో, గిన్నెలతో ఆడా మగా లైను కట్టి నిలబడ్డారు. బాబాయి నన్ను ముందుకు తీసుకెళ్ళి, "ఈయన కోల్డ్ స్టోరేజీ ఇంజనీరు. ఏదో చదువుతాడంట. వినండి" అని పక్కకి తప్పుకున్నాడు.

నేను చదివాను. "ఆ రోజు రెండో నంబరు మోటారు బేరింగు పట్టేసింది గ్రీజు లేక కాదు. గ్రీజు నిండుగా ఉంది. ఆపరేటరు నెలనెలా పెట్టాడు, నేను చూశాను. ఆయన ఆ మోటారును రోజూ చేత్తో తిప్పేవాడు. తిప్పొద్దని తాళం వేసింది నేను. కదలకపోబట్టే బేరింగు అరిగింది. మోత వినగానే ఆపమని ఆయన చెప్పాడు. ఆపకుండా నడిపింది నేను. ఆయన ఆ రోజు తాగలేదు, పడుకోలేదు. నేను కారణం చూడకుండా సంతకం పెట్టాను. తెలిశాక కూడా నోరు విప్పలేదు."

 తలపాగా చుట్టుకున్న ముసలాయన ఒకాయన నా దగ్గరికొచ్చి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"గేటు కాడ నువ్వున్నావు గదా ఆ రోజు?"

"ఉన్నానండి."

"మేనేజరు తాగాడని అంటుంటే విన్నావు గదా?"

"విన్నానండి."

"నోరు లేదా నీకు?"

"లేదండి" అన్నాను. ఆయన ఇంకేదో అనబోయి, ఛీ అని మొహం తిప్పుకుని బాబాయి దగ్గరికి వెళ్ళాడు. "ఒరేయ్, రెండేళ్ళు నీతో మాట్లాడలేదురా నేను" అన్నాడు. బాబాయి "పోనీలే బావా" అన్నాడు. లైను మళ్ళీ కదిలింది. పాలు పోసినవాళ్ళు పోసినట్టు వెళ్ళిపోతున్నారు. పని అయిపోయిందనుకుని నేను కాగితం మడిచాను.

అప్పుడు వీధి చివర పిన్ని కనిపించింది. చంకలో చిన్న పాల క్యాను. జనం పలచబడ్డాక, ఎవరి మాటా పడకుండా, ఆఖరున రావడం ఆ రెండేళ్ళుగా ఆవిడకి అలవాటట. ఇంకా మనుషులు ఉన్నారని చూసి ఆగిపోయింది. బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజంతా నన్ను తాకడం అదే మొదలు.

"మీ పిన్నొచ్చింది. మళ్ళా చదువు. మొదట్నుంచి."

వెళ్ళబోయినవాళ్ళు ఆగారు. నేను మళ్ళీ మొదట్నుంచి చదివాను.  'ఆయన ఆ రోజు తాగలేదు' అన్న చోట పిన్ని క్యాను కింద పెట్టేసింది. చదవడం అయ్యాక భర్త వైపే చూసింది.

"ఆ రోజే నాతో చెప్పొచ్చుగదయ్యా" అంది.

"గుమ్మంలోనే చెప్పాను. నువ్వు నా నోరు వాసన చూశావు."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది. బాబాయి వంగి ఆ క్యాను తీసుకుని, పాలు కొలిపించడానికి లోపలికి వెళ్ళాడు.